ఏసోబు జేబులో నా ఆధార్ కాగితం

తిరుపతి వెళ్లొచ్చానంటే ప్రసాదం అడుగుతారు. శాసనసభకు వెళ్లొచ్చానంటే మా వీధిలో ఒక్కరూ ఏమీ అడగలేదు, "నీకక్కడ ఏం పనే?" అని తప్ప. అందుకే ఇది రాస్తున్నాను. మన రాష్ట్రంలో చట్టాలు చేసే చోటు వెలగపూడిలో ఉంది. నకరికల్లు పక్కనున్న మా ఊరి నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరే దూరమే. అయినా మా ఊళ్లో అక్కడికి వెళ్లినవాళ్లు ఎవరూ నాకు తెలియదు.

ముప్పై రెండేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పాను. చట్టం ఎలా తయారవుతుంది అన్న పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద మూడు డబ్బాలు గీసేదాన్ని. మొదటి పఠనం, రెండో పఠనం, మూడో పఠనం అని రాసి మధ్యలో బాణాలు పెట్టేదాన్ని. ఆ డబ్బాల లోపల ఏం జరుగుతుందో ఒక్కసారన్నా కళ్లారా చూడాలని కోరిక. రిటైరై ఇంట్లో కూర్చున్నాక అది మరీ ఎక్కువైంది. చూడకుండా చెప్పిన పాఠం కదా, ఎక్కడన్నా తప్పు చెప్పానేమోనని గుబులు కూడా ఉండేది.

నాతో వచ్చినవాడు ఏసోబు. ఆరో తరగతిలో నా దగ్గర చదివాడు, ఇప్పుడు యాభైకి దగ్గర పడ్డాడు. మా నాన్న నాకిచ్చిన మూడెకరాలూ కౌలుకు చేస్తున్నాడు. అతనికి ముందు వాళ్ల నాన్న చేశాడు. మా వైపు కౌలంటే కాగితం ఉండదు. ఉగాది వెళ్లాక ఒకరోజు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, ఈ యేడు కూడా చేసుకోమంటారా అని అడుగుతాడు. చేసుకో అంటాను. అంతటితో అయిపోతుంది. కానీ ఎరువు కట్ట తేవాలన్నా, పంట నమోదు చేయించాలన్నా, యార్డుకు మిరపకాయలు తోలాలన్నా పొలం గలవాళ్ల పేరే కావాలి. అందుకని నా ఆధార్ జిరాక్సు ఒకటి ఎప్పుడూ అతని చొక్కా జేబులో, ప్లాస్టిక్ కవర్లో ఉంటుంది. గుంటూరు యార్డులో అతని సరుకును "అన్నపూర్ణమ్మ కాయలు" అని పిలుస్తారట. నేను ఆ యార్డు గేటు కూడా తొక్కలేదు.

కౌలు రైతు కార్డు ఉంటే ఇవన్నీ అతని పేరు మీదే జరిగిపోతాయి. దానికి పొలం యజమాని సంతకం పెట్టాలి. నేను పెట్టలేదు. గుంటూరులో ఉండే మా తమ్ముడు, సంతకం పెట్టావంటే పొలం పోయినట్టేనని ఏటా ఫోన్ చేసి మరీ భయపెడతాడు. ఏసోబు ఎప్పుడూ గట్టిగా అడగలేదు. నేనూ చూద్దాంలే, చూద్దాంలే అని దాటేస్తూ వచ్చాను. ఈలోగా కౌలు మీద కొత్త బిల్లు వస్తోందని, జనం తమ అభిప్రాయాలు పంపొచ్చని పేపర్లో పడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. సంతకం అక్కర్లేదని చట్టమే చెబితే తమ్ముడితో గొడవా ఉండదు, ఏసోబు పేరూ కాగితం మీదికి వస్తుంది.

ఇద్దరం మా వరండాలో కూర్చుని ఉత్తరం రాశాం. నేను ఉపోద్ఘాతమే రెండు పేజీలు లాగించాను. ఏసోబు అంతా విని, తల గోక్కుని, మెల్లగా అన్నాడు.

"పొలం ఎవుడు చేస్తన్నాడో గట్టు పక్కనోడికి తెలవదా టీచరమ్మా? నాలుగు గట్ల మీద నలుగుర్ని అడిగితే సరిపోద్ది గదా."

నా రెండు పేజీలూ కొట్టేసి ఆ మాటే రాశాను. ఒక కాపీ మా ఎమ్మెల్యేకు, ఒక కాపీ శాసనసభ కార్యదర్శికి రిజిస్టరు పోస్టులో పంపాం. కొన్నాళ్లకు ఎమ్మెల్యే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. బిల్లు ఫలానా రోజు సభకు వస్తోంది, చూడాలనుకుంటే ఇద్దరి ఆధార్ జిరాక్సులు ఇవ్వండి, పాసులకు రాస్తాం అన్నారు. నా మోకాళ్లు సహకరించక ఏసోబునే పంపాను. నా జిరాక్సు చేతికిచ్చి, నీది కూడా కలిపి ఇవ్వమని చెప్పాను. ఇచ్చొచ్చానన్నాడు.

నకరికల్లు నుంచి గుంటూరు

ఏసోబు క్రిస్మస్‌కు కుట్టించుకున్న తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. జేబులో ఆ కవరు మాత్రం మామూలుగానే ఉంది. బస్సెక్కగానే నా మొదటి భాగోతం మొదలైంది. ఆడవాళ్లకు బస్సు ఉచితమే గానీ కండక్టరుకు ఆధార్ చూపించాలి. నేను సంచీ అంతా కుమ్మరించాను. కళ్లజోడు పెట్టె, మాత్రలు, భారతికని పెట్టిన పచ్చడి సీసా, అన్నీ ఉన్నాయి, ఆధార్ లేదు. ఏసోబు తన జేబులోంచి నా జిరాక్సు తీసి ఇచ్చాడు. కండక్టరు కాగితం చూశాడు, నన్ను చూశాడు, ఏసోబును చూశాడు.

"ఏందమ్మా, మీ ఆధార్ ఆయన జేబులో ఉందేంది?"

కౌలు అన్నాను. అతనిదీ మా పల్నాడే, మాచర్ల వైపట, అర్థమైపోయింది, నవ్వి సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. ఏసోబు తన టికెట్టుకు ఎనభై రూపాయలు పెట్టాడు. మగ పుట్టుక పుట్టినందుకు ఇదొక్కటే నష్టమని నేను ఎగతాళి చేస్తే, నవ్వి ఊరుకున్నాడు.

సత్తెనపల్లి దాటాక అడక్కుండానే ఒక సంగతి చెప్పాడు. పాసు మీద తన పేరు అచ్చులో ఉంటుంది గదా, చూసొచ్చాక దాన్ని బైబిల్లో పెట్టుకుంటానని భార్య మార్తమ్మతో చెప్పి బయల్దేరాడట.

"పొలం సంగతిలో నా పేరు ఎక్కడా లేదు టీచరమ్మా. చిన్నప్పుడు మీరు హాజరు పట్టీలో రాశారు. మళ్లీ ఇదే."

కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను. ఎక్కడ చూసినా మిరప నాట్లు పడుతున్నాయి. వరసల్లో వంగిన ఆడవాళ్లు, గట్టు మీద నారు కట్టలు. వీటిలో ఎన్ని పొలాలు ఎవరి పేరున ఎవరు చేస్తున్నారో బస్సులో వెళ్లేవాళ్లకు ఏం తెలుస్తుంది.

తుళ్ళూరు

గుంటూరులో బస్సు మారి తుళ్ళూరు చేరాం. ఆ రాత్రికి మా మకాం భారతి ఇంట్లో. ఒకప్పుడు నాతో పాటు లెక్కలు చెప్పేది. పెళ్లిలో కన్నా ఎక్కువ వంటలు చేసింది. దోసకాయ పప్పు, గోంగూర, చేపల పులుసు. కానీ కారం లేక అన్నీ చప్పగా ఉన్నాయి. నేను మా పండుమిరప పచ్చడి తీస్తే వాళ్లాయన ఒక్క ముద్ద తిని రెండు గ్లాసుల మజ్జిగ తాగాడు. మా పల్నాడు వాళ్లకు నాలుకలు ఎప్పుడో కాలిపోయాయని భారతి వెక్కిరించింది.

అక్కడ నాకు వింతగా తోచింది కాగితాల సంగతి. రాజధానికి పొలాలిచ్చి బదులుగా ప్లాట్లు తీసుకున్న ఊళ్లు కదా, ఎవర్ని కదిపినా ప్లాటు నంబరుతో మాట్లాడతారు. భారతి పక్కింటి పెద్దాయన అరుగు మీద కూర్చుని తన ప్లాటు పటం చూపించాడు. వీధి గీత, మూల, అడుగులు, అన్నీ ఉన్నాయి. నేల మాత్రం ఇంకా రెల్లుగడ్డితో ఉందట. ఏసోబు ఆ పటాన్ని చానాసేపు చూశాడు. ఇక్కడ కాగితం ఉంది, పంట లేదు. మా దగ్గర పంట ఉంది, కాగితం లేదు. ఈ మాట నేను పైకే అన్నాను. పెద్దాయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు. నా నోరు ఇంతే, ఇంట్లో అందరూ చెబుతూనే ఉంటారు.

వెలగపూడి గేటు

పొద్దున్నే ఆటోలో వెలగపూడి వెళ్లాం. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఒకావిడ ఇడ్లీ అమ్ముతోంది. ప్లేటు ముప్పై, టీ పది. ఆమె పేరు రమణ. ఒకప్పుడు ఇక్కడే పొలాల్లో కలుపు తీసేదట. పొలాలు పోయాక కూలీ పోయింది, టిఫిను బండి పెట్టుకున్నానంది. సభ జరిగే రోజుల్లో నాలుగు రూకలు కనిపిస్తాయట. ఎప్పుడైనా లోపలికి వెళ్లావా అని అడిగాను. "నాకేం పనండీ అక్కడ?" అంది. మా వీధివాళ్ల మాటే.

సంచీలో ఒక పొట్లం ఉంది. ఎమ్మెల్యే ఆఫీసువాళ్లు కనిపిస్తే ఇద్దామని ఏసోబు తెచ్చిన కారం, సొంత కాయలది, అరకిలో. పెద్దవాళ్ల దగ్గరకు వట్టి చేతులతో వెళ్లకూడదని అతని పట్టుదల. గేటు దగ్గర తనిఖీ చేసే అమ్మాయి దాన్ని విప్పి చూసి, గబుక్కున ముఖం పక్కకు తిప్పుకుంది.

"అమ్మా, అసెంబ్లీలోకి కారం తీసుకెళ్తారా?"

వరసలో ఉన్నవాళ్లంతా పకపకా నవ్వారు. నేను సిగ్గుతో చచ్చాను. పొట్లం ఏసోబుకు ఇచ్చేసి, పాసుల కిటికీ దగ్గరకు వెళ్లి ఇద్దరి పేర్లూ చెప్పాను. అక్కడి కుర్చీలో ఉన్నాయన జాబితా కిందికీ పైకీ చూశాడు. నా పేరున ఒక పాసు ఉందన్నాడు. ఏసోబు పేరు లేదన్నాడు.

మళ్లీ చూడమన్నాను. చూశాడు. ఆ ఎమ్మెల్యే సిఫారసు మీద రెండు పేర్లు వచ్చిన మాట నిజమే గానీ రెండూ అన్నపూర్ణమ్మవే, నంబరూ ఒకటే, పొరపాటున రెండుసార్లు వచ్చిందని రెండోది కొట్టేశారని చెప్పాడు.

నేను వెనక్కి తిరిగాను. "ఒరేయ్ ఏసోబూ, నువ్వు ఎవరి ఆధార్ ఇచ్చావురా?"

ఏసోబు జేబులోని కవరు తీసి అందులోకి చూశాడు. ఆఫీసుకు వెళ్లిన రోజు నేనిచ్చిన జిరాక్సు ముందు ఇచ్చాడట. రెండోది అడిగారట, ఇస్తే నంబరు రాసుకుని తిరిగిచ్చారట. అతని సొంత ఆధార్ ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది. పొలం పని మీద దాన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు కనుక బయటికి తీయాల్సిన అవసరమే పడలేదు.

"ఆఫీసులో ఆధార్ అడిగారు టీచరమ్మా. చెయ్యి జేబులోకి పోయింది."

పదేళ్లుగా ఎరువుల కొట్లో, యార్డులో, పంట నమోదు దగ్గర ఎవరు ఆధార్ అడిగినా ఆ చెయ్యి వెళ్లేది ఆ జేబులోకే. ఇంకా తిట్టడానికి నోరు తెరిచినదాన్ని అలాగే మూసుకున్నాను. కిటికీలో ఆయనను బతిమాలాను, రిటైర్డు టీచర్నని చెప్పాను, గొంతు కూడా పెంచాను. పేరు లేనిదే కుదరదన్నాడు. ఆయన తప్పేమీ లేదు. నేను కూడా వెళ్లనని మొండికేస్తే ఏసోబే నన్ను పంపించాడు. మీరు వింటే నేను విన్నట్టే, వచ్చి చెప్పండి, పాఠం చెప్పినట్టు చెప్పండి అన్నాడు. అతన్ని రమణ షెడ్డులో కూర్చోబెట్టి లోపలికి వెళ్లాను.

గ్యాలరీలో ఒక గంట

ఫోను బయటే పెట్టించుకున్నారు. పాసు గంటసేపటికే. గ్యాలరీలో చప్పట్లు కొట్టకూడదు, మాట్లాడకూడదు, లేచి నిలబడకూడదు. ఇన్నేళ్లు పిల్లలకు చెప్పినవన్నీ ఇప్పుడు నాకు చెబుతున్నారు. బుద్ధిగా కూర్చున్నాను.

టీవీలో చూసే సభ వేరు. పైనుంచి చూస్తే కనిపించేది మనుషుల నడినెత్తులు. కొందరు వింటున్నారు, కొందరు కాగితాలు తిప్పుతున్నారు, ఇద్దరు ఏదో గుసగుసలాడి నవ్వుకుంటున్నారు. ప్రతి మాటకు ముందు "అధ్యక్షా" అంటారు, కోపమొచ్చినా అధ్యక్షా, సంతోషమొచ్చినా అధ్యక్షా. నా తరగతి గుర్తొచ్చింది. అక్కడా అంతే, ఎవడు ఎవణ్ణి కొట్టినా ముందు "టీచర్" అనేవాళ్లు.

కౌలు బిల్లు వచ్చింది. మంత్రి చదివారు. కొందరు మాట్లాడారు. తరువాత వెనుక వరసలోంచి ఒక సభ్యుడు లేచారు. పైనుంచి చూస్తే ముఖం ఆనలేదు. మా ఎమ్మెల్యేనో, మరొకరో. యజమాని సంతకం సంగతి ఎత్తి ఇలా అన్నారు.

"అధ్యక్షా, పొలం ఎవరు చేస్తున్నారో గట్టు పక్క రైతుకు తెలియదా? నాలుగు గట్ల మీద నలుగురిని అడిగితే సరిపోతుంది కదా."

నేను లేచి నిలబడ్డానట. నాకు తెలియదు. పక్కన కాపలాకు నిలబడ్డ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాక తెలిసింది. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. మా ఉత్తరం చదివే అన్నారో, ఆయనకే తోచిందో నేను చెప్పలేను. నాలుగు గట్ల మీద నలుగురు అన్న మాట మాత్రం ఏసోబుది. మా వరండాలో తల గోక్కుంటూ అన్న మాట, ఆ మైకులోంచి ఆ హాలంతా వినిపించింది. అతను అక్కడ ఉంటే బాగుండునని నా ప్రాణం ఎంత కొట్టుకుందో ఎలా రాయను. నా చోటు అతనికి ఇవ్వగలిగితే ఆ క్షణానే లేచి వెళ్లిపోయేదాన్ని.

మంత్రి జవాబిచ్చారు. సూచన మంచిదేనన్నారు, నియమాలు రాసేటప్పుడు చూస్తామన్నారు. అయితే పొలం గలవాళ్ల భయాలు కూడా చూడాలి కాబట్టి ప్రస్తుతానికి సంతకం ఉంటుందన్నారు. ఒప్పుకునేవాళ్లు అవును అనండి, ఒప్పుకోనివాళ్లు కాదు అనండి అని అధ్యక్ష స్థానం నుంచి అడిగారు. అవును అన్నది పెద్దగా వినిపించింది. బిల్లు నెగ్గింది. నేను బోర్డు మీద నలభై నిమిషాలు చెప్పే మూడు డబ్బాలూ అన్నం వార్చేంతసేపట్లో అయిపోయాయి.

పొలం గలవాళ్ల భయాలు అన్నప్పుడు నాకు ఇంకెవరో గుర్తుకు రాలేదు. నేనే గుర్తొచ్చాను.

రేకుల షెడ్డు

ఏసోబు రమణ దగ్గర గిన్నెలు కడుగుతున్నాడు. ఊరికే కూర్చోలేకపోయాడట. కారం పొట్లం ఆమెకే ఇచ్చేశాడు. ఆమె అప్పటికే చట్నీలో కలిపి, వచ్చినవాళ్లందరికీ దగ్గులు తెప్పిస్తోంది.

అతన్ని బల్ల మీద కూర్చోబెట్టి పాఠం చెప్పినట్టే చెప్పాను. నీ మాట సభలో అన్నారురా, అక్షరం పొల్లు పోకుండా అన్నారు అన్నాను. అతని ముఖం వెలిగింది. ఎవరన్న మాటో చెప్పారా అని అడిగాడు. పేరు చెప్పలేదన్నాను. పోనీలెండి, మాట వెళ్లింది గదా అన్నాడు.

"మరి సంతకం?"

ఉంటుందన్నాను. యజమాని ఒప్పుకుని పెడితేనే కార్డు అన్నాను. ఏసోబు చేతులు తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"అంటే మళ్లీ మీ కాడికే వచ్చింది టీచరమ్మా."

ఎత్తిపొడుపు లేదు, నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పాడు. నన్ను ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. నూట డెబ్భై ఐదు మంది సభ్యుల సభ దాకా ఉత్తరం రాశాను. మోకాళ్ల నొప్పులతో రెండు బస్సులు, ఒక ఆటో ఎక్కాను. ఒక్క కలం తీసి మా వరండాలో చేయాల్సిన పని చేయకుండా ఉండటానికి ఇంత దూరం వచ్చాను. చట్టం మారాలని నేను కోరుకున్నది ఏసోబు కోసమని ఊరంతా చెప్పుకున్నాను. నా పిరికితనం కోసం కూడానని ఆ బల్ల మీద కూర్చున్నాక తెలిసింది.

తిరుగు దారి

వచ్చేటప్పుడు వాన పట్టుకుంది. సత్తెనపల్లిలో బస్సు ఆగితే ఏసోబు పునుగులు తెచ్చాడు, కాగితం నూనెతో తడిసిపోయింది. తమ్ముడు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. నా పాసు చేతిసంచీలోనే ఉంది. దాన్ని ఏసోబుకు ఇద్దామా అనుకున్నాను గానీ దాని మీద కూడా నా పేరే కదా.

మర్నాడు పొద్దున పొలానికి వెళ్లాను. వెళ్లి నాలుగేళ్లయింది. మిరప నాటి పది రోజులైందట, మొక్కలు వానకు తేరుకున్నాయి. నన్ను చూసి పక్క గట్టు మస్తాన్, ఏం టీచరమ్మా దారి తప్పారా అన్నాడు. ఏసోబును పిలిచి, రేపు రెవెన్యూ ఆఫీసుకు వెళ్లి కౌలు కార్డు ఫారం తీసుకురా అన్నాను.

అతను కదల్లేదు. జేబులోని కవరు తీశాడు. నా ఆధార్ వెనకాల నాలుగు మడతల కాగితం ఉంది. అది ఆ ఫారమే. సర్వే నంబరు, విస్తీర్ణం, పంట, సాగు చేసేవాడి పేరు, అన్నీ నింపి ఉన్నాయి. పైన సంవత్సరం రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాసి ఉంది. ఖాళీగా ఉన్నది ఒక్క నా సంతకం చోటే. మూడేళ్లు నా ముందు నిలబడ్డప్పుడల్లా అది అతని జేబులోనే ఉందన్నమాట.

మోటారు పెట్టె మీద కాగితం పెట్టి సంతకం చేశాను. గట్టు దాటొచ్చిన మస్తాన్ అడక్కుండానే సాక్షినంటూ పక్కన తన పేరు గీకాడు. ఆ ఫారంలో సాక్షికి చోటే లేదు, అయినా వద్దనలేదు. ఏసోబు నా సంతకం చూడలేదు. పైన తన పేరున్న గీత మీద వేలు పెట్టి, దాన్నే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తరువాత ఫారం కవర్లో పెట్టుకుని, నా ఆధార్ జిరాక్సు బయటికి తీసి, మడతలు సరిచేసి నా చేతిలో పెట్టాడు.

"ఇంక ఇది మీ కాడ ఉండనీయండి టీచరమ్మా."

చెమటకు తడిసి ఆరీ ఆరీ ఆ కాగితం మెత్తగా గుడ్డలా అయిపోయింది. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి, నా ఫోటోలో సగం ముఖమే మిగిలింది. ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాను, పారేయబుద్ధి కాలేదు. కార్డు చేతికొచ్చేదాకా నాకు నమ్మకం లేదు. వస్తే, కాయలు కోసి తోలే రోజున ఈ మోకాళ్లతోనే గుంటూరు యార్డుకు వెళ్లాలి. నా పేరు ఇన్నేళ్లు పిలిచిన చోట, ఏసోబు కాయలు అని పిలుస్తుంటే ఒక మూల నిలబడి వినాలని ఉంది.